ఫిర్యాదుల్లేని ఫైనల్

రూల్సు మాస్టారు జీవితంలో ఏ బంతినీ తన్నలేదు, విసరలేదు, పట్టుకోలేదు. ఒకసారి మాత్రం బంతే వచ్చి ఆయన్ని తన్నింది. హైస్కూల్లో చదివే రోజుల్లో మైదానం పక్కన కూర్చుని పాఠం వల్లె వేసుకుంటుంటే ముక్కు మీద తగిలింది. ఆడేవాళ్ళు పరిగెత్తుకొచ్చి "దెబ్బ తగిలిందా?" అని అడిగారు. ఆయన ముక్కు పట్టుకుని, "గీత దాటి బంతి ఇవతలికి రావచ్చని ఎక్కడ రాసుంది?" అని ఎదురడిగాడు. వీడు పెద్దయ్యాక మనలాంటి వాళ్ళందరి నెత్తిమీదా కూర్చుంటాడని ఆ పిల్లలు అప్పుడే గ్రహించి ఉండాల్సింది. గ్రహించలేదు. బంతి తీసుకుని వెళ్ళిపోయారు.

పెద్దయ్యాక ఆయన చరిత్ర చెప్పే మాస్టారయ్యాడు. పాఠశాలల క్రీడా సంఘం సమావేశానికి వెళ్ళాల్సిన హెడ్మాస్టరు మోకాళ్ళ నొప్పులొచ్చి, తన బదులు ఈయన్ని పంపాడు. అక్కడ ఒక పొడవాటి టేబులు, దాని పొట్టి కాలి కింద మడిచిపెట్టిన ఒక పుస్తకం ఉన్నాయి. అది సంఘం రూళ్ళ పుస్తకం. మిగతావాళ్ళు టీ తాగుతుంటే మాస్టారు వంగి దాన్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, చదవడం మొదలెట్టాడు. టేబులు ఊగింది. టీలు ఒలికాయి. సమావేశం ముగిసేలోపు ఆయనకు సగం పుస్తకం నోటికొచ్చింది. ఇంకెవరికీ ఒక్క ముక్కా రాదు కాబట్టి ఆయన్ని జిల్లా కార్యదర్శిని చేశారు. అందరూ డిటెక్టివ్ నవలలు చదివినట్టు ఆయన రూళ్ళు చదివేవాడు. ఆట అంటే ఆయన దృష్టిలో ఆ పుస్తకానికి వేసిన బొమ్మ మాత్రమే.

సంఘం నిర్మాణం ఎలా ఉంటుందో ఒక ముక్క చెప్పాలి. కొన్ని బడులు కలిస్తే ఒక జోను, కొన్ని జోన్లు కలిస్తే జిల్లా, జిల్లాలన్నీ కలిస్తే రాష్ట్రం. ఒక మెట్టు మీద గెలిచిన జట్టు పై మెట్టుకు వెళ్తుంది. పెద్ద చేప చిన్న చేపను మింగకుండా, పిల్లలు ఎక్కువున్న బడులను ఒక తరగతిగా, తక్కువున్న వాటిని ఒక తరగతిగా విడదీస్తారు. ఇదంతా ఎవరో ఆట తెలిసినవాడు వేసిన నిచ్చెన. చెడ్డ నిచ్చెన కాదు, మెట్లు గట్టివే. కాకపోతే తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కో మెట్టు మీద నాలుగేసి కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. స్వాగత కమిటీ, వసతి కమిటీ, క్రమశిక్షణ కమిటీ, ఫిర్యాదుల కమిటీ, ఫిర్యాదుల కమిటీ మీద వచ్చే ఫిర్యాదుల కమిటీ. ఎక్కే పిల్లలు కుర్చీ కాళ్ళ మధ్యనుంచి దూరి ఎక్కాలి.

రూల్సు మాస్టారు మ్యాచ్ చూసే పద్ధతి వేరు. కోర్టుకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఆట ఎలా పోతుందన్నది ఆయనకు అనవసరం. కోచ్‌ల మొహాలు చూస్తాడు. ఎవరి కనుబొమలు ముడిపడుతున్నాయి, ఎవరు జేబులో పెన్ను తడుముకుంటున్నారు, ఎవరు లేస్తున్నారు. ఫిర్యాదు పుట్టకముందే దాని పురిటి నొప్పులు పసిగడతాడు. ఆయన భార్య ఇరుగు పొరుగుతో అనేది:

"మా ఆయన మ్యాచ్‌కెళ్ళొస్తే ఎవరు గెలిచారని నేనెప్పుడూ అడగను. ఎవరు ఏడ్చారని అడుగుతా. అది చెప్పమంటే మాత్రం పూసగుచ్చినట్టు చెప్తారు."

ఇలా సాగుతున్న జీవితంలోకి రాష్ట్ర సంఘం కార్యదర్శి కుర్చీ ఖాళీ అయిన వార్త వచ్చింది. దాంతోపాటు ఆ ఏడాది బాలికల వాలీబాల్ రాష్ట్ర పోటీలు జరిపించే అవకాశం కూడా మాస్టారి ఊరికే వచ్చింది. కుర్చీ ఎవరికివ్వాలో తేల్చేది రాష్ట్ర అధ్యక్షులవారు. ఈయన భారీ మనిషి. ప్రతి పోటీకీ వచ్చి, ముందు వరుసలో సోఫాలో కూర్చుని, జ్యోతి వెలిగించి, వెంటనే నిద్రపోయేవాడు. ఆటలో కేకలకు లేచేవాడు కాదు, వాటికి అలవాటుపడ్డాడు. ఫిర్యాదు వస్తే మాత్రం రూలు ప్రకారం అధ్యక్షుణ్ణి లేపి చెప్పాలి. అందుకని ఆయనకు ఫిర్యాదులంటే ఒళ్ళుమంట.

"చూడండి మాస్టారూ," అన్నాడు అధ్యక్షుడు, ఏర్పాట్లు చూడ్డానికొచ్చిన రోజున. "నాకు రికార్డులొద్దు, పేపర్లో ఫోటోలొద్దు. ఒక్క ఫిర్యాదు లేకుండా ఈ పోటీలు దాటించండి. ఆ కుర్చీ మీ ఇంటికి పంపిస్తాను."

"ఒక్కటి కూడా రాదు సార్."

"అందరూ ఇదే అంటారు. పోయినసారి నన్ను మూడుసార్లు లేపారు."

ఆ మాట తర్వాత మాస్టారికి నిద్ర కరువైంది. ఆ కుర్చీ మీద ఆశ ఆయనకు సంఘంలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఉన్నదే. రాష్ట్ర కార్యదర్శి అంటే రూళ్ళు చదివేవాడు కాదు, రాసేవాడు. వంటవాడికి తన హోటల్ తాను పెట్టుకున్నట్టు.

ఆయన పాత పోటీల సంగతులన్నీ నెమరేసుకుని, గొడవలకు వేరు ఎక్కడుందో కనిపెట్టాడు. రెండు బడులు. ఒకటి గుట్ట పైన ఉన్న బడి, అందరూ కొండ బడి అంటారు. రెండోది పక్క జిల్లాలో పడవల రేవు దగ్గరిది, రేవు బడి. ఈ రెండూ కలిస్తే నిప్పూ పెట్రోలూ. నెట్టు ఎత్తు తక్కువుందని ఒకరు, బంతిలో గాలి ఎక్కువుందని ఒకరు, అవతలి జట్టులో పిల్లకు జ్ఞానదంతం వచ్చిందని ఒకరు. కొండ బడికి ఆటల టీచరు స్వయానా మాస్టారి మరదలు, భార్యకు చెల్లెలు. అంటే సగం ఫిర్యాదులు ఇంటి నుంచే వచ్చేవి. "ఇంట్లో ఉంటే ఈగ, బడికెళ్తే కందిరీగ" అని ఆయన ఆమెను అనేవాడు.

ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రా వేసే పని మాస్టారు ఎవరికీ అప్పజెప్పలేదు. పెద్ద కాగితం తెచ్చి, స్కేలు పెట్టి, జట్ల పేర్లు స్వయంగా రాశాడు. కొండ బడిని అన్నిటికన్నా పైన పెట్టాడు. రేవు బడిని అన్నిటికన్నా అడుగున పెట్టాడు. మధ్యలో రాష్ట్రంలోని మిగతా జట్లన్నీ గోడలా నిలబడ్డాయి. గోడకు అంటించి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తన పనికి తానే మురిసిపోయాడు.

సాయంత్రం అక్కను చూడ్డానికొచ్చిన మరదలు ఆ కాగితం ముందు ఆగింది.

"బావా, ఈ డ్రా ఎవరు వేశారు?"

"నేనే. ఏం, తప్పా?"

"మమ్మల్ని పైన, రేవు వాళ్ళని అడుగున పెట్టారు."

"ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడకుండా. మీరు ఉత్తర ధ్రువం, వాళ్ళు దక్షిణ ధ్రువం. కొట్టుకోండి చూద్దాం!"

"ఇంకేమీ ఆలోచించలేదా మీరు?"

"ఇంకేముంది ఆలోచించడానికి?"

"ఏం లేదు బావా. చాలా మంచి డ్రా. ఇన్నేళ్ళలో ఇంత మంచి డ్రా మీరు వేయలేదు." అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"ఎందుకే ఆ నవ్వు?" అంది అక్క.

"బావ రెండు పిల్లుల్ని వీధికి చెరో చివర వదిలిపెట్టాడే. చేపని మాత్రం నడిమధ్యలో పెట్టాడు."

ఇక్కడ విషయమేమిటంటే, కొండ బడీ రేవు బడీ రాష్ట్రంలోకెల్లా గట్టి జట్లు. ఆ సంగతి బస్టాండులో పేపర్లమ్మే వాడికి తెలుసు. వాళ్ళంతగా పోట్లాడుకునేది అందుకే. చేతకాని జట్లు ఓడిపోయి బస్సెక్కుతాయి, ఫిర్యాదు రాయడానికి వాటికి ఓపికెక్కడిది? కానీ ఇన్నేళ్ళూ కోర్టుకు వీపు పెట్టి కూర్చున్న మనిషికి ఆ జట్లు ఫిర్యాదుల ద్వారా తెలుసు గానీ ఆట ద్వారా తెలియవు. డ్రాలో పైకొన నుంచి, కింది కొన నుంచి బయల్దేరిన రెండు మంచి జట్లు ఎక్కడ కలుస్తాయో ఆట చూసే ఏ పిల్లనడిగినా చెప్పేది.

పోటీలు మొదలయ్యాయి. జ్యోతి వెలిగింది, అధ్యక్షుడు నిద్రపోయాడు. మొదటి రోజు ఒక్క ఫిర్యాదూ లేదు. రెండో రోజూ లేదు. మాస్టారు కోర్టుకు వీపు పెట్టి, చేతులు కట్టుకుని, రాబోయే కుర్చీకి కుషన్ ఏ రంగు వేయించాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. సెమీఫైనల్స్ అయ్యాక రిఫరీ దగ్గరికొచ్చాడు. ఈయన వృత్తికి దర్జీ. ఏటా పోటీలప్పుడు కొట్టు మూసి విజిలు మెళ్ళో వేసుకుంటాడు.

"రేపు మంచి ఆట మాస్టారూ. కొండకీ రేవుకీ ఫైనల్."

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరికీ ఎవరికీ?"

"కొండకీ రేవుకీనండి."

"వాళ్ళెలా కలుస్తారయ్యా? నేను విడదీశాను కదా!"

"గెలిచారు కదండీ."

"ఇద్దరూనా?"

"గెలిచినవాళ్ళే కదండీ ఫైనల్‌కొచ్చేది."

"ఎవరు గెలవమన్నారు వీళ్ళని!"

దర్జీ ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి కొలిచి చూశాడు. కొన్ని కొలతలు టేపుకు అందవు.

మాస్టారు రూళ్ళ పుస్తకం మీద పడ్డాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఒక మూల ఒక రూలు దొరికింది. నేల తడిసి ఫైనల్ రోజు మధ్యాహ్నానికి ఆటకు పనికిరాకుండా ఉంటే ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించవచ్చు. ఆయన బయటికొచ్చి ఆకాశం చూశాడు. తోమిపెట్టిన పళ్ళెంలా ఉంది. మబ్బు తునక లేదు. అప్పుడు ఆయన చూపు, మైదానంలో దుమ్ము అణచడానికి తెచ్చిన నీళ్ళ ట్యాంకరు మీద పడింది.

"పొద్దున్నే కోర్టు మీద కాస్త నీళ్ళు చల్లు," అన్నాడు డ్రైవరుతో.

"కాస్తంటే ఎంత సార్?"

"ట్యాంకు ఖాళీ అయ్యేంత."

మర్నాడు పొద్దున జట్లు వచ్చేసరికి కోర్టు చెరువైంది. మాస్టారు గట్టున నిలబడి తల అటూ ఇటూ ఊపుతున్నాడు.

"ప్రకృతి ముందు మనమెంత!" అన్నాడు మరదలితో.

"ప్రకృతి ట్యాంకరేసుకొచ్చిందా బావా? టైర్ల గుర్తులున్నాయి."

"అవన్నీ నాకు తెలీదు. నేల తడిసింది. మధ్యాహ్నానికి ఆరకపోతే ఉమ్మడి విజేతలు. ఇద్దరూ గెలిచినట్టే, ఇంకేం కావాలి మీకు?"

"మరి పై పోటీలకి రాష్ట్రం తరఫున ఎవరు వెళ్తారు?"

"ఎవరూ వెళ్ళరు. గొడవే లేదు."

ఆ మాటకు పక్కనే ఉన్న రేవు బడి కోచ్ కూడా నోరు తెరిచాడు. మరదలు మాత్రం చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపింది.

"ఆరితే?"

"ఆరదు."

"ఆరితే బావా?"

"ఆరితే..." మాస్టారు పుస్తకం తిరగేశాడు. రూలు దగ్గర ఆయన అబద్ధమాడలేడు, అదొక్కటే ఆయన బలహీనత. "ఆరితే ఆటే."

తడిసిన నేలను ఆరబెట్టడం తొందరపడేవాళ్ళకు అబ్బే పని కాదు. ఇసక తెచ్చి గుమ్మరిస్తే పైన పొర కట్టి ఆరినట్టే కనపడుతుంది, కాలు పెట్టగానే జారి నడుం విరగ్గొడుతుంది. ముందు నిలిచిన నీళ్ళకు దారి చూపాలి. పల్లం ఎటుందో చూసి పారతో సన్నని కాలవ తీయాలి. తర్వాత గోనె సంచులు పరిచి, వాటి మీద నడిచి, ఎత్తి పిండి, మళ్ళీ పరవాలి. రుద్దకూడదు, రుద్దితే బురద లేస్తుంది. అప్పుడు ఇసకను జల్లెడ పట్టినంత పల్చగా చల్లి, ఎండ తగలనిచ్చి, చెక్క పలకతో లాగి, మళ్ళీ చల్లాలి. పక్కనే బడికి కొత్త గదులు కడుతున్నారు, ఇసక గుట్టగా ఉంది. రెండు జట్ల పిల్లలూ బక్కెట్లు పట్టుకున్నారు.

కలిసి పనిచేశారు గానీ కలిసిపోయారని ఎవరైనా అంటే నమ్మకండి.

"మీ వైపే ఎక్కువ ఇసక వేసుకుంటున్నారేంటే?" అంది కొండ బడి కెప్టెన్.

"మా వైపే నీళ్ళెక్కువ. కళ్ళు గుట్ట మీద పెట్టొచ్చావా?" అంది రేవు బడి కెప్టెన్.

"ఆ పలక ఇటివ్వు."

"అడుక్కో, ఇస్తా."

"ఆట మొదలవనీ, నీ మొహానికే కొడతా."

"కొట్టు తల్లీ, మొహంతోనే లేపుతా!"

దర్జీ మడమలు నేలకు ఆనించి, బరువు మోపి, కోర్టంతా నడిచి చూశాడు. మడమ దిగలేదు, జారలేదు. సున్నంతో గీతలు మళ్ళీ వేసి, "పనికొస్తుంది" అన్నాడు. సూర్యుడు ఇంకా నడినెత్తికి రాలేదు. మాస్టారు రెండుసార్లు గడియారం చూసుకుని, రూలుకు కట్టుబడి, అధ్యక్షుణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, ఫైనల్ మొదలుపెట్టించాడు. మొదలుపెట్టించి, వీపు తిప్పి, కోచ్‌ల మొహాలు చూస్తూ, రోట్లో తలపెట్టినవాడిలా కూర్చున్నాడు.

ఆట గురించి రెండు ముక్కలు. కొండ వాళ్ళు కొట్టిన బంతులు బండరాళ్ళలా వచ్చాయి. రేవు వాళ్ళు వాటిని అరచేతులతో కాకుండా నేలకంటుకున్న ముంజేతులతో లేపారు. గీత అంచున బంతి పడ్డప్పుడల్లా వెనకటిలాగే కెప్టెన్లు చెయ్యెత్తి పరిగెత్తుకొచ్చారు. దర్జీ కుర్చీ దిగి, బంతి పడ్డ చోటికెళ్ళి, వంగి, వేలు చూపించాడు. అడుగున చెమ్మ ఉన్న ఇసక మీద బంతి అచ్చు గుండ్రంగా పడింది, రబ్బరు ముద్ర కొట్టినట్టు. గీతను తాకితే తాకినట్టు, తాకకపోతే వేలెడు ఎడంగా. కెప్టెన్ చూసి, మూతి ముడుచుకుని వెనక్కి వెళ్ళిపోయింది. మునుపు ఆ కోర్టు ఎండి దుమ్ముగా ఉండేది. బంతి ఎక్కడ పడిందో దేవుడికే తెలియాలి, కాబట్టి ఎవరి దేవుడి మాట వాళ్ళు చెప్పేవాళ్ళు. ఇప్పుడు నేలే సాక్ష్యం చెప్పింది.

కోచ్‌లు లేవలేదు. పెన్నులు బయటికి రాలేదు. వీళ్ళకు ఒంట్లో బాగాలేదేమోనని మాస్టారికి అనుమానమొచ్చింది. చివరి బంతి కొండ బడి వైపు వెనక గీత మీద పడింది. దర్జీ వంగి చూశాడు. మరదలు కూడా వెళ్ళి వంగి చూసింది. అచ్చు సగం సున్నం మీద, సగం ఇసక మీద ఉంది. రేవు బడి గెలిచింది. చప్పట్లు మోగాయి. ఆ చప్పుడుకు అధ్యక్షుడు, తన పదవీకాలంలో తొలిసారిగా ఒక ఫైనల్ మొత్తం నిద్రపోయి, పసిపిల్లాడిలా కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"అయిపోయిందా? నన్నెవరూ లేపలేదే?"

"ఫిర్యాదు రాలేదు సార్."

"ఒక్కటీనా? కొండకీ రేవుకీ మధ్యనా?" అధ్యక్షుడు మరదలి వైపు తిరిగాడు. "ఓడిపోయింది మీరు కదమ్మా? రాయలేదా?"

"గీత మీద పడింది సార్. నా కళ్ళతో చూశాను. ఏమని రాయను?"

అధ్యక్షుడు మాస్టారి భుజం మీద చెయ్యేశాడు. "ఏం చేశావయ్యా నువ్వు?"

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మాస్టారి విషయంలో కోతిని చేయబోతే వినాయకుడయ్యాడు. ఆయన రూళ్ళ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"నేల తడిపించాను సార్. రెండు జట్ల చేతా కలిపి ఆరబెట్టించాను. చెమటలు కలిస్తే మనసులు కలుస్తాయి."

"ఆహా!"

"బావా, అది కాదు," అంది మరదలు. "నేల తడిగా ఉంది కాబట్టి బంతి అచ్చు పడింది. అచ్చు కనపడింది కాబట్టి గొడవ రాలేదు. కోర్టు మీద పల్చగా ఇసకేసి కాస్త చెమ్మ ఉంచితే చాలు, ప్రతి ఊళ్ళోనూ..."

"అది సాంకేతిక విషయమమ్మా," అన్నాడు మాస్టారు. "సార్ విధానం గురించి అడుగుతున్నారు."

కుర్చీ వచ్చింది. అధ్యక్షుడన్నట్టు ఇంటికి రాలేదు గానీ, రాష్ట్ర కార్యాలయంలో ఫ్యాను కింద, ముదురు ఎరుపు కుషనుతో వచ్చింది. రూల్సు మాస్టారు అందులో కూర్చుని రాసిన మొట్టమొదటి రూలు ఇది: రాష్ట్రంలో ప్రతి ఫైనల్‌కు ముందు ఆటస్థలాన్ని బాగా తడపాలి, తలపడే రెండు జట్లూ కలిసి దాన్ని ఆరబెట్టాలి. దానికో తడుపు కమిటీ, ఒక ఆరబెట్టు కమిటీ, ఐక్యత కుదిరిందో లేదో చూసే కమిటీ. ఇసక సంగతి, అచ్చు సంగతి అందులో లేవు.

ఆ ఏడాది సిమెంటు గచ్చు మీద ఆడిన బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఏడుగురు పడ్డారు. పరుగు పందెం ఈత పోటీలా జరిగింది. కబురు తెలిసి మరదలు ఆయన ఇంటికొచ్చి అక్కతో అంది:

"బావని ఒక్కసారి అటు తిరిగి కూర్చోమనవే. ఆట వైపు."

"ముప్ఫై ఏళ్ళ నుంచి నా వైపే తిప్పలేకపోయాను," అంది అక్క. "నీకు తిరుగుతాడా?"

లోపలి గదిలో ఫోను మోగింది. మాస్టారు ఎత్తాడు. ఎక్కడో దూరపు జిల్లా నుంచి, బాలుర చదరంగం ఫైనల్ జరిపిస్తున్న ఒక టీచరు. గది తడిపించాడట. పిల్లలిద్దరూ ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళు కుర్చీల మీద పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారట. ఇద్దరి మధ్యా ఇప్పటిదాకా ఒక్క గొడవ కూడా లేదట.

"సార్, చిన్న సందేహం," అన్నాడు ఆ టీచరు. "బల్లని, పావుల్ని కూడా తడపాలా?"

రాష్ట్ర కార్యదర్శి తొందరపడలేదు. పుస్తకం తెప్పించుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తాను రాసిన రూలు రెండుసార్లు చదివాడు.

"అక్కర్లేదు," అన్నాడు. "ఆటస్థలం అనే ఉంది."